ఊరి పాట లెక్క ఎవరు రాశారు?

జానపద గాయకుడి ఆల్బమ్ హిట్టయిందని ఎవరు తేల్చాలి? అమెరికాలో దీనికి 1991లో ఒక జవాబు దొరికింది. అప్పటిదాకా బిల్‌బోర్డ్ పత్రిక దుకాణాలవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మాట మీద జాబితాలు వేసేది. ఆ ఏడాది మే నెలలో సౌండ్‌స్కాన్ అనే పద్ధతి వచ్చింది. దుకాణంలో బిల్లు పడ్డ ఆల్బమ్‌లనే లెక్కగట్టడం మొదలైంది. సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ పాడిన ‘రోపిన్ ద విండ్’ వస్తూనే దేశం మొత్తం ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానంలో కూర్చుంది. పల్లె బాణీ ఆల్బమ్ ఒకటి నేరుగా అక్కడికి చేరడం అదే మొదలు. వినేవాళ్లు రాత్రికి రాత్రి పుట్టుకురాలేదు. ఎప్పటినుంచో ఉన్నవాళ్లు అప్పుడు లెక్కలోకి వచ్చారంతే. 1997లో వచ్చిన షనయా ట్వెయిన్ ఆల్బమ్ ‘కమాన్ ఓవర్’కు అమెరికాలోనే 2 కోట్ల ప్రతుల గుర్తింపు దక్కింది.

మన పల్లె పాటకూ వందేళ్లకు పైబడిన రికార్డింగు చరిత్ర ఉంది. ప్లేటు, రేడియో, క్యాసెట్, టీవీ, యూట్యూబ్ అన్నీ దాటి వచ్చింది. కానీ యూట్యూబ్ వచ్చేదాకా ఏ దశలో ఎంతమంది విన్నారో, ఎవరికెంత ముట్టిందో రాసిపెట్టిన చిట్టా లేదు.

ఈ ముచ్చట డోంగ్లి నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కామారెడ్డి జిల్లాలో మద్నూరు నుంచి విడివడి 2022లో మండలమైన ఊరు ఇది. పడమటి దిక్కున మహారాష్ట్ర, దక్షిణంగా పోతే కర్ణాటక. ఈ ప్రాంతంలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 వరకు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో దెగ్లూరు అటు పోయింది, ఇవి ఇటు వచ్చాయి. తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ ఇక్కడి సంతల్లో వినిపిస్తాయి. ఇలాంటి చోట ఒక పాట ఏ ఊళ్లో పుట్టిందో, మొదట ఏ భాషలో పాడారో, ఎవరు కట్టారో తేల్చడం కష్టం. రికార్డు కంపెనీకి మాత్రం అవన్నీ తేలాలి. లేబుల్ మీద ఒక భాష ఉండాలి, ఒక గాయకుడి పేరుండాలి, పెట్టె మీద ఒక ధర ఉండాలి. పల్లె పాటకూ ఆల్బమ్‌కూ మధ్య పేచీ అంతా ఇక్కడే మొదలైంది.

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. ఆ కాలపు ప్లేటులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. నాటకంలో పద్యం ఆ కొలతకు సరిపోయింది, కీర్తన ఎలాగో ఒదిగింది. ఒగ్గుకథ సంగతేమిటి? మల్లన్న కథ ఎత్తుకుంటే రాత్రి తెల్లవారుతుంది. డోలు మీద దెబ్బ పడుతుంది, పక్కవాళ్లు వంత అందుకుంటారు, కథకుడు మధ్యలో ఊరివాళ్ల మీద ఒక విసురు విసిరి మళ్లీ కథలోకి వస్తాడు. చుక్క సత్తయ్య వంటి కళాకారుల గొప్పతనమంతా ఆ సాగదీతలో, ఆ విసుర్లలో ఉంది. మూడు నిమిషాల్లో అదేదీ పట్టదు. అందుకే ప్లేట్ల కాలంలో మన జానపదం పాటగా మిగిలింది, కథగా చాలావరకు బయటే నిలబడింది.

ఆ కాలంలో పల్లె పాటను రికార్డుల్లోకీ రేడియోలోకీ తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది వింజమూరి సోదరీమణులు అనసూయ, సీతలను. శాస్త్రీయ సంగీతం నేర్చిన ఈ అక్కచెల్లెళ్లు నాట్ల పాటలను, దంపుళ్ల పాటలను కచేరీ వేదిక ఎక్కించారు. వాళ్లు పాడితే పాటకు స్వరశుద్ధి వచ్చింది, పట్నంలో గౌరవం వచ్చింది. పొలంలో పాడుకున్నవాళ్ల పేర్లు మాత్రం వెంట రాలేదు. ఆ రోజుల్లో ఎవరూ వాటిని అడగలేదు కూడా. జానపదమంటే కర్త లేని పాట అన్న నమ్మకం పండితులకూ ఉండేది, కంపెనీలకూ ఉండేది. కంపెనీలకు ఆ నమ్మకం చవకగా కలిసొచ్చింది.

హైదరాబాదులో 1935 నుంచి నిజాం దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో చేసిన పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో అచ్చయి, పల్లె పాట చదువుకోదగ్గ విషయమని విశ్వవిద్యాలయం చేత ఒప్పించింది. ఇలా పాటకు పుస్తకమూ వచ్చింది, మైకూ వచ్చింది. దాన్ని నమ్ముకుని బతికే అంగడి మాత్రం ఇంకా రాలేదు.

ఆ అంగడిని క్యాసెట్ తెచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో చేసిన ఈ చిన్న డబ్బా మన పల్లెలకు చేరేసరికి 1980లు వచ్చాయి. ప్లేటు వేయాలంటే ఫ్యాక్టరీ కావాలి. క్యాసెట్‌కు రెండు డెక్కుల టేపురికార్డరు చాలు. ఉత్తర భారతంలో ఈ మార్పును పరిశీలించి పీటర్ మాన్యుయెల్ 1993లో ‘క్యాసెట్ కల్చర్’ అన్న పుస్తకం రాశాడు. గ్రామఫోన్ కంపెనీ లేబుల్ హెచ్‌ఎంవీ గుత్తాధిపత్యం కూలి, ఏ ప్రాంతం పాట ఆ ప్రాంతంలోనే తయారై అమ్ముడుపోవడం అందులోని ప్రధాన విషయం. తెలుగునాట ఆ కథకు ఇంకో మలుపు ఉంది. ఇక్కడ క్యాసెట్‌ను అందరికన్నా బలంగా వాడుకున్నది వ్యాపారం కాదు, ఉద్యమం.

1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాకు బి. నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు, సంగీతంలో వింజమూరి సీత పాలుపంచుకున్నారు. అందులో బండి వెనక బండి కట్టి వచ్చే నైజాం సర్కారును నిలదీసే పాటను గొంగడి కప్పుకుని గద్దర్ పాడాడు. రాసింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి. జనం నోట అది గద్దర్ పాటగానే నిలిచింది. గూడ అంజయ్య పాటకూ అదే గతి పట్టింది. ఊరూ వాడా మనదేనని ఆయన రాసింది ఎన్నో భాషల్లోకి పోయింది, రాసినవాడి పేరు మాత్రం చాలామందికి తెలియకుండానే పోయింది. ఉద్యమానికి ఇది లోపంగా కనబడలేదు. పాట ప్రజలదైతే పేరెందుకన్నది దాని వాదం. గద్దర్ పాడిన విప్లవ కళాబృందం జననాట్య మండలి క్యాసెట్లను ఒకరు కొంటే పదిమంది నకలు తీసుకున్నారు. ఎన్ని అమ్ముడయ్యాయన్న ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు. గద్దర్ ఆల్బమ్‌ల విజయాన్ని కొలవాలంటే అమ్మకాల కాగితం పనికిరాదు, ఆయన సభలకు కదిలివచ్చిన జనాన్ని చూడాలి.

సినిమావాళ్లు ఆ జనాన్ని చూశారు. ఆర్. నారాయణమూర్తి సినిమాల్లో వంగపండు, గద్దర్ పాటలు మోగాయి. 1997లో దర్శకుడు దాసరి నారాయణరావు తీసిన ‘ఒసేయ్ రాములమ్మ’ వందేమాతరం శ్రీనివాస్ సంగీతంతో ఊరూరా మైకుల్లో వినిపించింది. 2002లో ‘కుబుసం’ సినిమాలో గోరటి వెంకన్న పాట పల్లె కన్నీటికి కారణం ప్రపంచీకరణ అని చెప్పింది. సినిమా మరిచిపోయినవాళ్లకు కూడా ఆ పాట గుర్తుంది. అదే ఏడాది రసమయి బాలకిషన్ తదితరులు కామారెడ్డిలో తొలి ‘ధూంధాం’ నిర్వహించారు. ఆట, పాట, మాట కలిసిన ఆ రూపం తెలంగాణ అంతటా పాకి, 2014లో రాష్ట్రం వచ్చేదాకా నడిచింది. రాత్రంతా సాగే ప్రదర్శనను ప్లేటు మూడు నిమిషాలకు కుదించిందని అనుకున్నాం కదా, ధూంధాం దాన్ని మళ్లీ రాత్రంతా సాగనిచ్చింది.

తర్వాత మా టీవీలో ‘రేలారే రేలా’ పోటీ పల్లె గొంతులను పేరు పేరునా ఇళ్లలోకి తెచ్చింది. అప్పటిదాకా వంతపాటలో కలిసిపోయిన గాయకులకు ముఖం, పేరు, ఓటు వచ్చాయి. ఆ వెంటనే యూట్యూబ్. ఇక ఆల్బమ్ అంటే పది పాటల మూట కాదు. ఒక పాట, ఒక వీడియో, కింద ఒక అంకె. 2021లో లక్ష్మణ్ రాసి మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’కి ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆడితే ఆ అంకె ఎక్కడికో పోయింది. మన జానపదానికి మొట్టమొదటి సౌండ్‌స్కాన్ యూట్యూబ్ కింది ఈ అంకే. పాట ఎంతమంది విన్నారో ఇప్పుడు పాడినవాళ్లకూ తెలుసు, పక్కింటివాళ్లకూ తెలుసు.

లెక్క వచ్చాక తగవు కూడా వచ్చింది. అదే 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం మంగ్లి పాడిన ‘సారంగ దరియా’ కోట్ల మంది చూశారు. రచయితగా సుద్దాల అశోక్ తేజ పేరుంది. ఆ పాటను వెలుగులోకి తెచ్చింది తానేనని గాయని కోమలి ముందుకొచ్చారు. పల్లవి జానపదం, చరణాలు నావి అని అశోక్ తేజ అన్నారు. గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల చెప్పాక గొడవ సద్దుమణిగింది. ఎవరూ చూడని పాట అయితే ఈ తగవు వచ్చేదే కాదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1927లో టెనెసీ రాష్ట్రం బ్రిస్టల్‌లో రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్, కార్టర్ కుటుంబం పాటలను రికార్డు చేశాడు. కంట్రీ సంగీత పరిశ్రమకు అది పునాది. ఆ కుటుంబంలోని ఏ.పీ. కార్టర్ కొండ పల్లెలు తిరిగి పాటలు సేకరించి తన పేరు మీద హక్కులు తీసుకున్నాడు. ఆయన వెంట తిరిగి బాణీలు గుర్తుపెట్టుకున్న నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్ పేరు ఆ ప్లేట్ల మీద లేదు.

మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గేయ రచయితకు, సంగీత కర్తకు రాయల్టీలో విడదీయలేని వాటా ఇచ్చింది. రచయిత ఎవరో తెలిసిన పాటకు అది మేలు చేసింది. ‘బలగం’ సినిమాలో పల్లెటూరి మీద రాసిన పాటకు గాను కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది, రాసినవాడి పేరు స్పష్టంగా ఉంది. కానీ పది ఊళ్లు కలిసి కట్టుకున్న పాటకు ఆ చట్టంలో గది లేదు. యూట్యూబ్ వీడియో కింద ‘సాహిత్యం: సేకరణ’ అని రాసి చేతులు దులుపుకోవడం అందుకే మామూలైపోయింది. ఆ ఒక్క ముక్క పక్కన ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఏ సంవత్సరంలో అన్న మూడు వివరాలు చేర్చడానికి చట్టం మారనక్కర్లేదు, ఖర్చూ లేదు. డోంగ్లి వంటి మూడు భాషల సరిహద్దు నుంచి వచ్చే పాటకు ఇది మరీ అవసరం. ఆ వివరాలుంటే రేపు ఆ పాట కోట్లు దాటినప్పుడు ఎవరికి వాటా ఇవ్వాలో అడగడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.