పల్నాడు, 144, ఎనిమిది రోజులు

2024 మే 13న పోలింగ్ అయ్యాక అమ్మ నరసరావుపేట నుంచి ఫోన్ చేసింది. "144 పెట్టార్రా, గడప దాటట్లేదు" అంది. ఏం జరిగిందే అంటే, "ఏమో, తలా ఒకటి చెబుతున్నారు" అంది.

మన ఉద్యోగాల్లో సర్వర్ పడిపోతే తప్పు దొరికినా దొరక్కపోయినా "చూస్తున్నాం" అని గంటకో మెయిలు కొడతాం కదా. కొట్టకపోతే కస్టమరే ఓ కథ అల్లేసుకుంటాడు. పల్నాడులో మాత్రం కష్టం వచ్చినప్పుడల్లా సర్కారు నుంచి ముందొచ్చేది ఉత్తర్వు. వివరం తర్వాతెప్పుడో.

వందేళ్ళ క్రితమూ ఇంతే. అడవిలో గొడ్లు మేపుకోవడానికి పుల్లరి కట్టమన్నారు. 1921లో జనం కట్టమని ఎదురు తిరిగారు, అధికారులకి సరుకులమ్మడం కూడా మానేశారు. సంగతేంటో చూద్దామని ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి వస్తే వాళ్ళని పట్టుకుని ఏడాది జైలుకి పంపారు. (ఉన్నవ జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. సర్కారు దాన్నీ నిషేధించింది!) నా మట్టుకు నాకు ఇక్కడే అంతా తేలిపోయిందనిపిస్తుంది. విచారించడానికి వచ్చినవాడినే లోపలేస్తే, ఇక సర్కారు ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు?

1922 ఫిబ్రవరి 12న గాంధీగారు బార్డోలీలో సహాయ నిరాకరణ ఆపేశారు. అదే నెలలో, ఆ తర్వాత, మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. 26 గుళ్ళు తగిలాయని, దాహమంటే నీళ్ళు కూడా పొయ్యనివ్వలేదని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటి సర్కారు తన వైపు నుంచి ఏం చెప్పిందో మా ఊళ్ళో ఎవర్నైనా అడిగి చూడండి. ఒక్కడికీ తెలీదు. మిగిలింది జనం చెప్పుకున్న కథే.

మళ్ళీ 2024కి వద్దాం. మించాలపాడు ఉన్న మాచర్ల నియోజకవర్గంలోనే రెంటచింతల మండలం పాల్వాయి గేటు ఉంది. అక్కడి 202వ బూత్‌లో ఈవీఎం పగిలింది. నియోజకవర్గం మొత్తమ్మీద 7 బూత్‌ల్లో ఇదే పని జరిగిందని ఎన్నికల సంఘం తర్వాత చెప్పింది. బూత్‌లో కెమెరా ఉంది, అంతా రికార్డయింది. అయినా మొదటి ఫిర్యాదులో "గుర్తు తెలియని వ్యక్తులు" అనే రాశారు. 16న ఎస్పీని సస్పెండ్ చేశారు, కలెక్టర్ని బదిలీ చేశారు. ఏ తప్పుకి ఎవరు బాధ్యులో జనానికి అర్థమయ్యేలా చెప్పినవాడు లేడు. అప్పటి ఎమ్మెల్యే ఈవీఎం పగలగొడుతున్న వీడియో 21న బయటికొచ్చింది. అదీ లీకై! మేం విడుదల చెయ్యలేదని ఎన్నికల అధికారులే చెప్పుకోవాల్సొచ్చింది.

ఆ ఎనిమిది రోజులూ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇటు వాళ్ళ వీడియోలు, అటు వాళ్ళ వీడియోలు. ఏది ఎప్పటిదో, ఏ ఊరిదో తెలీదు. బాబాయికీ మావయ్యకీ మాటల్లేకుండా పోయాయి. అసలు వీడియో వచ్చాక కూడా కలవలేదు. ఒకరు "ఇన్నాళ్ళెందుకు దాచారు" అన్నారు, ఇంకొకరు "ఇప్పుడే ఎందుకు వదిలారు" అన్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు చెప్పాల్సినవాళ్ళే చెప్పలేదు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టమొచ్చి 144 కాస్తా 163 అయింది. అమ్మకి చెప్పాను. "ఏదైతేనేం, కొట్లు మూస్తారుగా" అంది.