డమాస్కస్ గులాబి: పేరు, పుట్టుక

గులాబి అనే మాట మనకు పారశీకం నుండి వచ్చింది. ఆ భాషలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. కనుక గులాబ్ అసలు పువ్వు పేరు కాదు, పన్నీటి పేరు. నీటి పేరే పువ్వుకు స్థిరపడిందంటే ఆ పరిమళ జలానికి ఒకప్పుడు ఎంతటి ప్రఖ్యాతి ఉండేదో ఊహించవచ్చు. ఆ ప్రఖ్యాతిలో పెద్ద వాటా డమాస్కస్ గులాబిది.

ఇది నిలువెత్తు ముళ్ళపొద. లేత గులాబి రంగు పూలు గుత్తులుగా పూస్తాయి. సాధారణంగా ఏడాదికి ఒక్కసారే, వేసవి తొలినాళ్ళలో పూస్తుంది. శరత్కాలంలో మళ్ళీ కొద్దిగా పూచే రకమూ ఉంది. ఎండెక్కితే తైలం తగ్గిపోతుంది గనుక తెల్లవారుజామునే పూలు కోస్తారు. కిలో అత్తరుకు సుమారు 3,000 నుండి 4,000 కిలోల పూలు కావాలి.

మరి దీని జన్మస్థలం ఏది? క్రూసేడు నుండి మరలిన ఒక ఫ్రెంచి యోధుడు 1254 ప్రాంతంలో సిరియా నుండి దీనిని ఐరోపాకు తెచ్చాడని ఒక కథ ఉంది. అయితే పేరును బట్టి పుట్టుకను నిర్ణయించడం చరిత్ర పద్ధతి కాదు. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు నాలుగు ప్రాచీన రకాల జన్యువులను పరీక్షించగా, అవన్నీ ఒకే మూలం నుండి వచ్చినవని తేలింది. కస్తూరి గులాబి, గాలికా గులాబి కలసిన సంకరానికి ఫెడ్చెంకోయానా అనే మరో గులాబి పుప్పొడి తోడైంది. ఈ మూడవది మధ్య ఆసియా కొండలకు చెందినది. అంటే డమాస్కస్ దీనికి పేరు పెట్టిన నగరమే గాని, కన్నతల్లి కాకపోవచ్చు.

అయినా దీనిని పెంచి, దీని సుగంధాన్ని లోకానికి పంచడంలో ముస్లిం సమాజాల పాత్ర చెప్పుకోదగినది. క్రీ.శ. 9వ శతాబ్దిలో అల్ కిందీ పరిమళాల తయారీపై, బట్టీ పట్టే విధానంపై గ్రంథం రచించాడు. ఫార్స్ రాష్ట్రం బాగ్దాదుకు ఏటా 30,000 సీసాల పన్నీరు చెల్లించేదని ఇబ్న్ ఖల్దూన్ పేర్కొన్నాడు. హి.శ. 583లో (క్రీ.శ. 1187) జెరూసలేమును తిరిగి పొందిన సలాహుద్దీన్ అక్కడి పవిత్ర స్థలాలను పన్నీటితో కడిగించాడు. మన దేశంలో, గులాబి అత్తరును కనుగొన్న ఘనత నూర్జహాన్ తల్లి అస్మత్ బేగందని జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు.

డమాస్కస్ సమీపాన అల్ మరాహ్ గ్రామస్థులు నేటికీ ఈ పూలతో పన్నీరు, షర్బతు, మురబ్బా తయారు చేస్తారు. 2011లో మొదలైన యుద్ధం, దానికి తోడు అనావృష్టి ఆ తోటలను బాగా దెబ్బతీశాయి. 2019లో యునెస్కో వారి విద్యను మానవాళి వారసత్వంగా గుర్తించింది. పుట్టింది ఎక్కడైనా, కష్టకాలంలో చెట్టును కాపాడుకున్నవారికే ఆ పేరు దక్కడం న్యాయం.