అమెరికా ఆసుపత్రిలో రెసిడెన్సీ: చట్టాల వెనుక చరిత్ర

ఎం.బి.బి.ఎస్. పట్టా ఉన్నంత మాత్రాన అమెరికాలో స్వతంత్రంగా వైద్యం చేయడానికి సాధారణంగా వీలుండదు. ఎంచుకున్న విభాగంలో కనీసం మూడేళ్లు ఆసుపత్రి జీతం మీద, సీనియర్ల పర్యవేక్షణలో పనిచేయాలి, ఈ శిక్షణనే రెసిడెన్సీ అంటారు. మన వైపు దీనిని విద్యార్థి తెలివితేటలకు దక్కే ఫలంగా చూడడం అలవాటు గానీ, అమెరికా చరిత్ర చెప్పేది వేరు.

భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుతూ, వైద్యపట్టా ఉండి కూడా పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరవలసి వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన అమెరికా వలస చట్టం ఆసియావాసుల వలసకు దాదాపు తలుపులు మూసింది. 1965లో దేశాల వారీ పాత కోటాలను రద్దు చేసిన వలస చట్టమూ, వృద్ధుల వైద్యఖర్చు భరించే ప్రభుత్వ బీమా మెడికేరూ ఒకే ఏడాది రావడంతో, రోగులు పెరిగి వైద్యులు చాలక, ఉస్మానియా, గాంధీ, గుంటూరు కళాశాలల పట్టభద్రులకు దారి తెరుచుకుంది. వారికి ప్రతిభ ఉన్నమాట నిజమే. సుబ్బారావుకు కొరవడినది మాత్రం ప్రతిభ కాదు. 1976లో అమెరికా చట్టసభ వైద్యుల కొరత తీరిందని ప్రకటించి విదేశీ పట్టభద్రులకు నిబంధనలు బిగించింది. 1997లో మెడికేర్ డబ్బిచ్చే శిక్షణ స్థానాలకూ పరిమితి పడింది.

స్థానాల కేటాయింపు 1952 నుంచి 'మ్యాచ్' ద్వారా జరుగుతోంది. విదేశీ అభ్యర్థి అమెరికా వైద్య లైసెన్సుకు పెట్టే యు.ఎస్.ఎం.ఎల్.ఇ. పరీక్షలు గట్టెక్కి, విదేశీ వైద్యపట్టాలను పరిశీలించే ఇ.సి.ఎఫ్.ఎం.జి. ధ్రువీకరణకు సిద్ధపడి, శరత్కాలంలో దరఖాస్తులు పెట్టి ఇంటర్వ్యూలకు హాజరయ్యాక, అభ్యర్థి ఆసుపత్రులనూ, ఆసుపత్రులు అభ్యర్థులనూ ఇష్టక్రమంలో రాసిస్తే కంప్యూటరు జత కుదురుస్తుంది. మార్చిలో ఒక సోమవారం స్థానం దొరికిందా లేదా అన్నదే తెలుస్తుంది. ఏ ఆసుపత్రి అన్నది శుక్రవారం గానీ తెలియదు. కుదిరిన జతకు ఇద్దరూ కట్టుబడాలి. 2022లో యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదటి దశ పరీక్షకు మార్కులు తీసేసి ఉత్తీర్ణత మాత్రమే మిగిల్చారు. ఎక్కువ మార్కులతోనే గుర్తింపు పొందే విదేశీ పట్టభద్రులకు ఇది పెద్ద దెబ్బ.

స్థానం దొరికాక శిక్షణ కోసం ఇచ్చే తాత్కాలిక జె-1 వీసాపై వచ్చినవారు శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి; మినహాయింపు కావాలంటే ప్రధాన మార్గం వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడం, అందులోనూ రాష్ట్రాల సిఫారసుతో ఈ మినహాయింపు ఇచ్చే కాన్రాడ్ పథకం కింద రాష్ట్రానికి ఏటా 30 మందికే అవకాశం. కనుక వనపర్తిలో 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల తొలి విద్యార్థులు 1970లలో అమెరికా వెళ్లిన పెద్దల సలహాను గౌరవిస్తూనే, ఫీజులు కట్టకముందు ఆ ఏటి నిబంధనలను తామే చదువుకోవాలి. వీసా షరతు సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.