వాల్వు వెనుకబడిన వేళ

పందెపు మోటారు సైకిలు నిదానంగా నడిచినంతసేపు చక్కగానే ఉండి, ఒకానొక వేగం దాటగానే శక్తి కోల్పోయి, ఇంజను పైభాగంలో గలగలమంటే, ముందుగా అనుమానించవలసిన వాటిలో వాల్వు స్ప్రింగు ఒకటి. యంత్రాల చరిత్రలో నన్ను అమితంగా ఆకర్షించిన ఘట్టం ఈ చప్పుడుతోనే ముడిపడి ఉంది.

జబ్బు స్వరూపం ఇది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో వాల్వును తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగు. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క వాల్వు సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అంతటి వేగంలో స్ప్రింగు వెనుకబడితే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. సీటును తాకి ఎగిరిపడుతుంది. గలగల అదే. కంప్రెషన్ జారిపోయి శక్తి సన్నగిల్లుతుంది. పిస్టను వచ్చి వాల్వును గుద్దిందా, పందెం అక్కడితో సరి.

మరింత బిగువైన స్ప్రింగు వేయడం సులభంగా తోచే విరుగుడు. కానీ బిగువుతోపాటే క్యామ్ అరుగుదల, ఘర్షణలో వృథా అయ్యే శక్తి కూడా పెరుగుతాయి. 1954లో ఇటలీలోని బొలోన్యా నగరంలో డుకాటీ సంస్థలో చేరిన ఫాబియో తాలియోని, మూసే పనిని కూడా మరొక క్యామ్‌కే అప్పగించారు. ఈ డెస్మోడ్రోమిక్ పద్ధతి ఆయన కనిపెట్టినది కాదు. 1954లోనే మెర్సిడెస్ పందెపు కారులో ఉన్నది. మోటారు సైకిలుపై దానిని నిలబెట్టిన ఘనత మాత్రం ఆయనదే. 1956 జూలైలో స్వీడన్‌లోని హెడెమోరాలో 125 సీసీ డెస్మో తొలి పందెంలోనే గెలిచింది. దానిని నడిపిన జాన్ని డెగ్లి ఆంతోని అదే ఏడాది మోంజాలో సాధన చేస్తూ మరణించాడు.

1968లో డెస్మో మామూలు రోడ్డు బండ్లకూ వచ్చింది. మందుతోపాటు పథ్యమూ వచ్చింది: తెరిచే వైపు, మూసే వైపు సందులు రెండింటినీ సరిచూస్తుండాలి. తెరిచే వైపు సందు పెరిగితే టకటక చప్పుడు. మూసే వైపు పెరిగితే వాల్వు సీటుపై గట్టిగా కూర్చోదు, బండి స్టార్టవడానికి మొరాయిస్తుంది.

2020లో డుకాటీయే తన మల్టీస్ట్రాడా వీ4కు తిరిగి స్ప్రింగులు అమర్చింది. ఆ సందుల తనిఖీ 60,000 కిలోమీటర్లకు ఒకసారి చాలునంది. దీనిని డెస్మో ఓటమిగా నేను భావించను. స్ప్రింగులు అంత వేగానికి తాళలేని కాలంలో దానికి తగిన వైద్యం జరిగింది. ఇంజను మొరపెట్టగానే ఏ భాగం మార్చాలా అని వెతుకుతాము. అసలు ఆ భాగం అక్కడ ఉండి తీరాలా అని అడగడం తాలియోని పనిలో నాకు కనబడిన గొప్పతనం.