పెనుమూడి రేవు – పండుగ ప్రయాణములు

రేపల్లెకు తూర్పున కృష్ణాతీరమున వెలసిన గ్రామము పెనుమూడి. ఆవలి యొడ్డున పులిగడ్డ, అటుపై దివిసీమ. వారధి లేని దినములలో ఈ రెండు తీరములను కలిపినది పడవయే. సముద్రము చేరువ యగుటచే ఇచట నదికి ఆటుపోటులు గలవు. కావున పోటువేళ నెరిగియే పెద్దలు ప్రయాణము నిశ్చయించుచుండిరి.

కార్తీకమున తెల్లవారుజామున స్త్రీలు అరటిదొప్పలలో దీపములు విడుచుట, పిల్లలు ఇసుకతిన్నెలపై ఆడుట, మధ్యాహ్నము ఉసిరిచెట్టు నీడను వనభోజనము, ఇవి సామాన్య కుటుంబముల విహారములు. మాఘపూర్ణిమకు చద్దిమూటలతో ఏరు దాటి, హంసలదీవిలో సాగరసంగమ స్నానమును, వేణుగోపాలస్వామి దర్శనమును చేసివచ్చుట పిల్లలకు పెద్ద సాహసము.

విహారకాలమే గాలివానల కాలము కూడ. 1977 నవంబరు 19న, కార్తీకమాసమందే, ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను బలిగొనెను.

ఈ శతాబ్దపు తొలి దశకమున వారధి ఏర్పడెను. 2016 పుష్కరములకు జనులు దానిమీదుగానే వాహనములలో రాకపోకలు సాగించిరి. రేవున నిరీక్షించు శ్రమ తీరినది. దానితోడనే నీటిపోటును, గాలివాలును గుర్తించు నేర్పును మరుగుపడుచున్నది. వృద్ధుల నడిగి దానిని వ్రాసియుంచుట గ్రామ గ్రంథాలయమునకు తగిన సేవ.