చర్చిలో పుస్తకాల షాపు

వాడని చర్చిని ఏం చెయ్యాలంటే మనకి తోచేవి రెండే: కూల్చెయ్యడం, తాళం వెయ్యడం. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మూడో దారి పట్టారు. అక్కడి డొమినికన్ చర్చి 13వ శతాబ్దం నాటిది. 1794లో ఫ్రెంచి సైన్యం ఊరిని పట్టుకున్నాక ప్రార్థనలు ఆగిపోయాయి. తర్వాత గోదామైంది, చివరికి సైకిళ్ళు పెట్టుకునే చోటైంది!

2006లో పుస్తకాల షాపు పెట్టారు. కావలసింది 1200 చదరపు మీటర్లు, ఉన్నది 750. అందుకని పాత గోడల జోలికి పోకుండా, ఒక పక్కగా ఉక్కుతో అంతస్తుల అల్మరా నిలబెట్టారు. రేపు వద్దనుకుంటే విప్పెయ్యొచ్చు. మన భాషలో చెప్పాలంటే, పాత కోడ్‌ని కెలక్కుండా పక్కన కొత్త మాడ్యూల్ రాసినట్టన్నమాట.

2014లో షాపు నడిపే కంపెనీ దివాలా తీసింది. అక్కడ పనిచేసేవాళ్ళు చందాలు అడిగితే జనం ఇచ్చారు, షాపు నిలబడింది. కట్టడం బతకాలంటే మనుషులు వచ్చిపోతుండాలి అని నేననేది అందుకే. మరి మీరేమంటారు?