పాత గింజలూ, పిట్టల పుణ్యమూ



ఇంట్లో గింజ పాతబడింది. మనం తినలేము, పారవేయడానికి మనసు రాదు. అప్పుడేం చేస్తాం? పిట్టలన్నా తింటాయిలే అని ముంగిట చల్లుతాం.

అనంతపురం జిల్లాలో ఒక రైతు యింటికి నేను పోయినప్పుడు సరిగ్గా యీ పనే జరుగుతూ వుంది. వానకు తడిసి బూజుపట్టిన నిరుటి శెనక్కాయ విత్తనాలు వాకిట్లో పోసి వున్నాయి. పిచ్చుకలూ, గువ్వలూ వాలుతున్నాయి. "పుణ్యమే గద సార్" అన్నాడాయన. ఆయనకు చెప్పిన కథే మీకూ చెబుతాను.

1960లో ఇంగ్లండు దేశంలో టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చావడం మొదలుపెట్టాయి. మేత మానేసేవి, రెక్కలు వాల్చేవి, వారం తిరగకుండా పోయేవి. కొద్ది నెలల్లో లక్షకు పైగా పోయాయి. బాతు పిల్లలూ చచ్చాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ జబ్బు' అని పేరు పెట్టారు. వెదకగా వెదకగా తేలిందేమంటే, అది అంటువ్యాధి కాదు. బ్రెజిల్ నుంచి తెచ్చి మేతలో కలిపిన వేరుశనగ పిండిలోని విషం! ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దాన్ని పుట్టిస్తుంది. అందుకే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చింది. అది కాలేయాన్ని చెరుస్తుంది.

ఎక్కడో దూరదేశపు మాట అనుకోకండి. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మనుషులే మరణించారు. మనిషినే చంపిన విషం గుప్పెడంత పిచ్చుకను వదులుతుందా?

మన మెట్ట సీమకు యీ ముప్పు మరీ దగ్గర. కాయ ముదిరే వేళకు వాన మొగం చాటేస్తే, బెట్టకు గురైన కాయలోకి యీ బూజు నేలలో వుండగానే చేరుతుంది. పీకిన తర్వాత తడిస్తే మరింత పెరుగుతుంది. పైకి బాగున్న గింజలో కూడా విషం వుండవచ్చు. వేయించినా, వుడికించినా అది పూర్తిగా పోదు.

మరి పాత గింజంతా చెడ్డదేనా? కాదండీ. మన పెద్దలు జొన్నలు పాతర్లలో పోసి, కరువు నాటికి తీసి తిన్నారు. చెమ్మ తగలకుండా దాచిన గింజ పాతదైనా గింజే. పట్నంలో పంజరపు పిట్టలకని కొనే పొట్లాల్లో కూడా సాధారణంగా వుండేవి మన కొర్రల వంటి చిరుగింజలే. దానిమీద వేసిన తేదీ దాటితే సారం తగ్గవచ్చు. కాని పిట్టను చంపేది తేదీ కాదు, చెమ్మా బూజూ.

కాబట్టి యిలా చేయండి. పాత కొర్ర, సజ్జ, జొన్న అయితే గుప్పెడు చేతిలోకి తీసుకోండి. ముక్క వాసన కొట్టినా, వుండ కట్టినా, పచ్చని పొడి కనిపించినా వద్దు. పొడిగా, శుభ్రంగా వుంటే చెరిగి, పిట్టలు ఆ పూటకు తినేంత మాత్రమే చల్లండి. మిగిలింది రాత్రికి వూడ్చేయండి; మంచుకు తడిస్తే అదే మళ్ళీ బూజు పడుతుంది. పాతబడిన శెనక్కాయ మాత్రం, చూపుకు బాగున్నా, పిట్టలకు వేయవద్దు. బూజు పట్టింది కోళ్ళకూ వద్దు, గొడ్లకూ వద్దు; గుంట తీసి పూడ్చేయండి. మందు కలిపిన విత్తనం మిగిలితే దాన్నీ లోతుగా పూడ్చవలసిందే. గట్టుమీద ఒక్క గింజ కూడా విడవకూడదు.

ఆ రైతు నా మాట విని చీపురు తెచ్చి వాకిలంతా వూడ్చాడు. తర్వాత లోపలికి పోయి, తమ తిండికి దాచుకున్న కొర్రల్లోంచి ఒక దోసెడు తెచ్చి చల్లాడు. మన కోడికి వేయలేనిది పిట్టకూ వేయరాదు. ఆ దోసెడే అసలైన పుణ్యమని నేననుకుంటాను.